మోచెయ్యి ఆనిన డోరు

ముందు రేకు మీద సుత్తి పడిన చప్పుడు. దాని వెనకే ఒక తిట్టు. మళ్లీ సుత్తి, మళ్లీ తిట్టు. రెండింటికీ నడుమ ఊపిరి పట్టేంత ఖాళీ. శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే వచ్చే కొత్త కాలనీలో పొద్దు ఆ చప్పుడుతోనే మొదలయ్యేది. కుక్కర్ల కూతలూ కాలేజీ బస్సుల హారన్లూ దాని కింద పడి నలిగిపోయేవి. ఎండ ముదిరే కొద్దీ అది కూడా కాలినట్టు పదునెక్కేది. మబ్బు పట్టిన రోజు నీళ్లలోంచి వచ్చినట్టు మొద్దుగా వచ్చేది. తిట్టు మాత్రం ఏ వాతావరణంలోనైనా ఒకేలా ఉండేది.

కాలనీ గోడకు అవతల పాత ఊరు. గోడను ఆనుకుని ఒక ఇల్లు, ఇంటి పక్కన ఇంటికంటే ఎత్తైన రేకుల షెడ్డు. షెడ్డు ముందు నిలబడి నేను పిలిస్తే సుత్తి ఆగింది. లారీ కిందినుంచి రెండు పాదాలు, గ్రీజు మరకల లుంగీ, చివరికి తెల్లటి గడ్డం బయటికొచ్చాయి. ఆ మనిషి లేవలేదు. నేలమీదే పడుకుని చూశాడు.

“ఎవలు?”

“ఈ కాలనీలోనే ఉంటానండి. మీ గురించి రాద్దామని వచ్చాను.”

“నా గురించి రాసుడేంది? నేనేమన్న సచ్చిన్నా?”

“బతికున్నవాళ్ల గురించి కూడా రాస్తారు.”

“గట్లయితే పోయి మా తమ్మునిది రాయి. ఆడు బతికున్నా ఒకటే, సచ్చినా ఒకటే.”

గడపలో కూచుని చేపల పొలుసు గీస్తున్న ఆడమనిషి తలెత్తకుండానే అంది. “రాయనియ్యరాదయ్యా. ఊర్ల ఎట్లనో చెప్పుకుంటుండ్రు నీ గురించి. గా సారన్న మంచిగ రాస్తడేమో.”

“మంచిగ రాయాలంటె మంచిగ ఉండాలె గదనే,” అని ఆయన మళ్లీ లారీ కిందికి జరిగిపోయాడు. సుత్తి మొదలైంది.

ఆయన గాలయ్య. ఆమె సాలమ్మ, ఆయన భార్య. చెరువు మీద బతికిన కుటుంబం. సాలమ్మ పొద్దున్నే రోడ్డు పక్కన చేపలు అమ్ముతుంది. సాయంత్రం అక్కడే పొయ్యి పెట్టి వేయించి అమ్ముతుంది. గాలయ్య జన్మంతా డీసీఎం నడిపాడు. ఇక్కడ మధ్యరకం లారీ ఏదైనా సరే, దాన్ని డీసీఎం అనే అంటారు. గాలయ్యకు మాత్రం అసలు డీసీఎం ఒకటే. మిగతావన్నీ బండ్లు.

ఆ ఒక్కటీ వాళ్ల నాయినది. చెరువు మీద బతికే ఇళ్లలో మొదట లారీ కొన్నవాడు ఆయన. తెల్లారకముందు చేపలు, తెల్లారాక కూరగాయలు, మూఢం లేని నెలల్లో పెళ్లివాళ్లు. ఎర్రటి బండి. డ్రైవరు కిటికీలోంచి కుడి మోచెయ్యి బయటికి పెట్టి నడపడం ఆయన అలవాటు. ఏళ్ల తరబడి చెయ్యి ఆనిన చోట ఎర్రరంగు అరిగింది. దానికింది తెల్ల పూత అరిగింది. చివరికి రేకు బయటపడి, నీళ్లలో తిరగబడిన చేప పొట్టలా మెరిసేది.

కొడుకు గాలయ్య క్లీనరు సీట్లో కూచునేవాడు. మీసాలొచ్చినా అక్కడే, పెళ్లయినా అక్కడే. ఒకసారి తండ్రి టీ తాగడానికి దిగినప్పుడు స్టీరింగ్ పట్టుకుని బండిని కాస్త ముందుకు జరిపాడు. అంతే, పాత ఫ్యాన్ బెల్టుతో నడిరోడ్డు మీద కొట్టాడు నాయిన. ఆ తర్వాత గాలయ్య జన్మంతా నడిపినవి వేరేవాళ్ల బండ్లు. ఇంటి బండి ఆయన చేతికి రాలేదు. “గా బండి మీద నాకంటె ఈగలకు ఎక్కువ హక్కుండె,” అన్నాడు ఒకరోజు, అడగకుండానే.

ఆ ఇంటి బండికి ఊళ్లో ఒక మర్యాద ఉండేది. పోచమ్మ జాతరనాడు బండ్లు తిరుగుతాయి. ఎడ్లబండ్ల కాలం నుంచీ ఉన్న పద్ధతి. సరుకు మోసిన బండ్లన్నీ పసుపు, వేపమండలు, చీరలు కట్టుకుని గుడి చుట్టూ తిరగాలి. కార్లు పనికిరావు. తాడు కట్టి లాగిన బండి పనికిరాదు, తన కాళ్లతో తానే తిరగాలి. ఏ ఇల్లు తిరగకుండా మానేస్తే ఆ ఇల్లు మరుసటి ఏడు వరస చివరికి పోతుంది. ఎడ్లున్నప్పుడూ, డీసీఎం వచ్చాకా మొదటి తిరుగుడు గాలయ్యవాళ్ల ఇంటిదే.

నాయిన పోయాడు. గాలయ్య ఎవరిదో లోడు మీంచి జారిపడి, కాలు విరిగి ఆస్పత్రిలో పడ్డాడు. మంచం మీద ఉండగానే తమ్ముడు శ్రీనివాస్ ఇంటి బండిని అమ్మేశాడు. శ్రీనివాస్‌కు మొరం తోలే టిప్పర్లున్నాయి. తెల్లచొక్కా, మెల్లటి మాట. “కరీంనగర్ పార్టీ కొన్నది. నడిచే బండినే ఇచ్చిన, మంచిగ చూసుకుంటరు,” అని అందరికీ చెప్పాడు. ఆ ఏడు జాతరలో మొదటి తిరుగుడు అతని టిప్పర్ తిరిగింది. గాలయ్య చంకకర్ర ఎత్తి జనం మధ్య అరిచాడు. చివరికి కులపెద్ద ఒక మాట చెప్పాడు. మళ్లీ జాతరలోగా నాయిన బండి ఊళ్లోకి తిరిగి వస్తే మొదటి తిరుగుడు దానిది. రాకపోతే ఇక ఎప్పటికీ శ్రీనివాస్‌ది.

కాలు నేలమీద ఆనగానే గాలయ్య వెతకడానికి పోయాడు. కొన్నాళ్లకు వచ్చి, దొరికింది అన్నాడు. కరీంనగర్ అవతల దొరికింది, బాగా పాడైంది, షెడ్డులో పెట్టి బాగుచేస్తున్నానన్నాడు. షెడ్డుకు పరదా కట్టాడు. అప్పటినుంచీ ఈ చప్పుడు.

నేను వెళ్లేనాటికి పరదా తీసేశారు. బండికి ఆకారం వచ్చింది. కాబిన్ నిలబడింది. కుళ్లిన రేకు కోసిన చోట కొత్త రేకు అతికి, సుత్తితో వంపు తీస్తున్నాడు. ఎక్కడ ఎంత కొట్టాలో చేతికి తెలిసినట్టు ఉండేది కాదు. కొట్టేవాడు, ఎక్కువైందని తిట్టుకునేవాడు, వెనక నుంచి కొట్టి సరిచేసేవాడు. చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు ఒకసారి తలకిందులుగా బిగించాడు. సాలమ్మ చూసి నవ్వితే పానా విసిరాడు. అది ఆమెకు తగల్లేదు, చేపల గిన్నెకు తగిలింది.

“గిన్నెకు సొట్ట వడ్డది. నీ బండికి తీస్తున్నవ్ గదా, దీనికి గూడ తియ్యి,” అంది సాలమ్మ.

తీశాడు. ఆ గిన్నెకు బండికంటే శుభ్రంగా కుదిరింది పని.

బండి మెల్లగా అలంకారం తొడుక్కుంది. కాబిన్ మీద చెక్క కిరీటం. బంపరు నడుమ ఇత్తడి చేప. పక్కచెక్కల మీద బొమ్మలు వేయడానికి మేడ్చల్ నుంచి పెయింటర్ వచ్చాడు. అందరికీ వేసేదే వేయబోయాడు.

“నెమలి వద్దు. నేనెన్నడన్న నెమలి మొఖం జూసిన్నా? కొంగను ఎయ్యి.”

“లారీ మీద కొంగను ఎవ్వరెయ్యరు కాకా. పీనుగ లెక్కుంటది.”

“కొంగనే ఎయ్యి. నా నోటికాడి చేపలు తిన్నది గదే.”

పెయింటర్ కొంగను వేశాడు. ఒంటికాలి మీద, ఎవరినో చూసి ఓర్వలేనట్టు మెడ సాచిన కొంగ. గాలయ్యకు నచ్చింది. చివరికి కాబిన్ పైన పేరు బోర్డు మిగిలింది. అమ్మ దీవెన రాయాలా, తల్లిదండ్రుల దీవెన రాయాలా అని పెయింటర్ అడిగాడు. గాలయ్య గడ్డం గోక్కుని, “నాయిన బండి అని రాయి. పెద్దగ రాయి. తమ్మునికి ఇంట్ల మంచం మీద పండుకున్నా కనవడాలె,” అన్నాడు.

పసుపు మీద ఎర్ర అక్షరాలు. ఎంత పెద్దగా రాయించాడంటే గోడకు ఇవతల కాలనీ మేడల మీంచి కూడా చదవొచ్చు.

అలా చదివినవాళ్లలో పట్టాభిరామయ్యగారు ఒకరు. తెనాలి వైపు మనిషి, ఉద్యోగం అయిపోయాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఆయన మేడ గాలయ్య షెడ్డుకు నేరుగా పైన. మధ్యాహ్నం కునుకు ఆయనకు అన్నం తర్వాత పెరుగు లాంటిది, అది లేకపోతే పూట పూర్తికాదు. ఒక మధ్యాహ్నం గోడ మీదికి వంగారు.

“ఏవయ్యా గాలయ్యా, మనుషులుండే చోటనుకున్నావా, కార్ఖానా అనుకున్నావా?”

“నువ్వు ఇల్లు గట్టేటప్పుడు మిక్సర్ సప్పుడుకు మా దిక్కు గోడలన్ని వణికినయ్ సారూ. నేనొచ్చి అడిగిన్నా?”

“దానికీ దీనికీ పోలికేంటయ్యా? ఇల్లనేది ఒకసారి కట్టి ఊరుకుంటాం.”

“బండి గూడ ఒక్కసారే. నువ్వు లోపలికి వోయి ఫ్యాన్ కింద పండు. సల్లగుంటది.”

“మునిసిపాలిటీకి రాస్తాను.”

“రాయి. ఈడ పని జేసేటోడు నేనొక్కన్నే. మిగిలినోళ్లంత రాసేటోళ్లే.”

పట్టాభిరామయ్యగారి ముఖం ఎర్రబడింది. గోడ దిగబోయి ఆగారు. “నాన్నగారి బండి అని పెద్ద బోర్డొకటి! ఆ రోజు పొద్దున క్రేన్‌కి వేలాడుతూ వచ్చింది నీలం బండి కదయ్యా? కాఫీ తాగుతూ నా కళ్లతో చూశాను. లోపల కోళ్లు కూడా ఉన్నాయి.”

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. ఆ రోజు మళ్లీ పడలేదు.

సాయంత్రం రోడ్డు పక్కన, నూనె చిటపటల మధ్య, అసలు సంగతి సాలమ్మ చెప్పింది. అడిగితే చెప్పలేదు. చేపను తిరగేస్తూ, చేపతో చెప్పుకున్నట్టు చెప్పింది.

గాలయ్య కరీంనగర్ దాకా పోలేదు. దార్లో ఎవరో ఇచ్చిన ఆనవాలు పట్టుకుని వెనక్కి తిరిగి, మేడ్చల్ దారిలో కండ్లకోయ అవతల ఒక పాత ఇనుము కొట్టుకు పోయాడు. కోసిన లారీలు గుట్టలుగా ఉన్నాయి. ఆ గుట్టలో ఒక ఎర్రడోరు కనిపించింది. దానిమీద మోచెయ్యి ఆనిన చోటు మెరుస్తోంది. గాలయ్య తన మోచెయ్యి అక్కడ పెట్టి చూశాడట. నాయిన పొట్టివాడు కాబట్టి కుదరలేదట. అందుకే అది నాయినదేనని నమ్మాడు. మిగిలిన బండి ఏదని అడిగితే కొట్టువాడు నవ్వి, ఎప్పుడో కోసి కరగబెట్టారన్నాడు. శ్రీనివాస్ దాన్ని నడవడానికి అమ్మలేదు. కోయడానికే అమ్మాడు.

“డోరు నెత్తిన వెట్టుకోని ఇంటికొచ్చిండు. తెల్లారి మేడ్చల్ దిక్కు ఓ కోళ్లఫారంల మూలకు వడున్న నీలం డీసీఎం కొన్నడు. అదే క్రేన్ మీద వచ్చింది. నాయిన డోరు దానికి బిగించి, మొత్తం ఎర్రరంగు ఏసిండు. మరిది ఊరందరికి కరీంనగర్ అని చెప్పిండు గదా, ఈయన గూడ కరీంనగర్ల దొరికింది అన్నడు. ఇగ ఆడేమంటడు? కోపిచ్చిన బండి ఎట్ల దొరికిందని అడిగితె ఆని కతే బయటవడ్తది.”

తమ్ముడి అబద్ధం మీద అన్న తన అబద్ధం కట్టుకున్నాడు. కింది గోడ కదిపితే పై గోడ కూలుతుంది, నిజమే. కానీ కింది గోడ తమ్ముడిది. వాడు కదపడు. ఇద్దరికీ అంతా తెలుసు, ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఆ మౌనం మీద చక్రాలు పెట్టి బండి నిలబడింది.

పట్టాభిరామయ్యగారు మునిసిపాలిటీకి రాయలేదు. అంతకంటే దగ్గర దారి దొరికింది. కాలనీలో ఇల్లు కట్టినవాళ్లందరికీ మొరం తోలింది శ్రీనివాసే కాబట్టి, అన్నగారి గోల గురించి తమ్ముడికే చెప్పుకున్నారు. గోల గురించి చెబుతూ నీలం బండి గురించీ, కోళ్ల గురించీ చెప్పారు. శ్రీనివాస్ ఆయనకు కుర్చీ వేసి, టీ తెప్పించి, ఓపిగ్గా విన్నాడట.

జాతరనాడు మక్కజొన్న చేలు కోసేసి ఉన్నాయి. కొయ్యకాళ్ల మధ్య గుడి, గుడి చుట్టూ దుమ్ము లేచే బాట. డప్పులు మోగుతున్నాయి. ఎండలో పసుపు వాసన. గాలయ్య బండి వచ్చినప్పుడు జనం నిజంగానే పక్కకు జరిగారు. సెల్ఫ్ కొట్టగానే అందుకున్న ఇంజను మోత, బంపరు మీద ఎండకు నిప్పులా ఇత్తడి చేప, కోపంగా మెడ సాచిన కొంగ. పైన పెద్ద అక్షరాలు. దాని పక్కకు తెల్లటి టిప్పర్ వచ్చి ఆగింది. శ్రీనివాస్ దిగాడు.

“మస్తు జేసినవ్ అన్నా బండి.”

“ఎవడ్రా నీకు అన్న?”

శ్రీనివాస్ నవ్వు చెదరలేదు. కులపెద్ద వైపు తిరిగాడు. “పోయిన జాతరల మీరన్న మాట నాకు యాదికున్నది. నాయిన బండైతె నా టిప్పర్ ఎన్కకు పోతది, నాకేం బాధ లేదు. గని కాలనీ సారు ఇంకోటి అంటుండు. క్రేన్ మీద నీలం బండి వచ్చింది, దాంట్ల కోళ్లున్నయ్ అంటుండు. నేనంటలే, సారంటుండు. బోర్డు మీద నాయిన బండి అని రాసుకున్నడు గద అన్న. గా మాటనే తడిబట్టల మీద అమ్మ ముంగట అనుమనుండ్రి. గంతే.”

జనం వెనక నిలబడ్డ పట్టాభిరామయ్యగారి మీదికి చూపులన్నీ తిరిగాయి. ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. “నేనేదో కంటికి కనబడింది చెప్పానండీ. ఇలా నీళ్లు పోయిస్తారని నాకేం తెలుసు?”

ఆ ఊళ్లో తడిబట్టల మీద చెప్పిన మాటకు తిరుగులేదు. అబద్ధమైతే ఇల్లు నిలవదంటారు. నిజమైతే ఇక ఎవ్వరూ నోరెత్తకూడదు. ఒక్క మాట. అది అంటే మొదటి తిరుగుడు మళ్లీ ఎప్పటికీ గాలయ్యదే.

బిందె నీళ్లు వచ్చాయి. గాలయ్య చొక్కా విప్పి సాలమ్మ చేతికిచ్చాడు. ఆమె చొక్కా అందుకుంటూ గొంతు తగ్గించి అంది. “నాయిన బండే అను. అని ఊకో. బోర్డు మీదున్నదే నోటితోని అంటె ఏం పోతది?”

నీళ్లు తలమీద పడ్డాయి. గడ్డంలోంచి, ముడతల్లోంచి కారి, విరిగి అతికిన కాలి మీదుగా నేలకు జారాయి. గాలయ్య బండి దగ్గరికి నడిచి, డోరు మీద అరచెయ్యి పెట్టాడు. సరిగ్గా ఆ మెరిసే చోట. బండంతా ఎర్రరంగు వేసినా అక్కడ మాత్రం రంగు తగలనివ్వలేదు. డప్పులు ఆగాయి. ఇంజను మాత్రం సన్నగా వణుకుతోంది.

“గీ డోరు మా నాయినది,” అన్నాడు.

కులపెద్ద అడిగాడు. “మిగిలింది?”

“మిగిలింది నాది.”

సాలమ్మ కళ్లు మూసుకుంది.

“మిగిలిందంత నాదే,” గాలయ్య గొంతు లేచింది. “ఇంజను నేనెక్కిచ్చిన. రేకు నేను గొట్టిన. చెక్క నేను ఎక్కిచ్చిన. మా నాయినది దీంట్ల ఒక బోల్టు లేదు. బతికున్నన్ని దినాలు నన్ను స్టీరింగ్ ముట్టనియ్యలే గా మనిషి. ముట్టుకుంటె బెల్టుతోని గొట్టిండు, గీడున్న ముసలోళ్లు సూసిండ్రు. ఇన్ని నెలలు నా చేతులు పుండ్లు జేసుకోని, ఇప్పుడు గిది గూడ ఆయనదే అని నేనెందుకు జెప్పాలె?”

“మరి బోర్డు?”

“బోర్డు తప్పు.”

శ్రీనివాస్ జేబులోంచి తాళంచెవి తీశాడు. టిప్పర్ మెట్టు మీద కాలు పెట్టాడు. సాలమ్మ మొగుడి చొక్కాను భుజం మీదేసుకుని ఆ టిప్పర్ ముందుకు పోయి నిలబడింది.

“ఓ శీనూ, ఆగు! డోరు యాడ దొరికిందో గది గూడ అడుగుండ్రి. కరీంనగర్ల కాదు. కండ్లకోయ అవతల, లారీలు కోసే కొట్ల. నడిచే బండినిచ్చిన, మంచిగ సూసుకుంటరు అంటివి గదా. నా మొగడు పోసుకున్నడు. నువ్వు గూడ పోసుకో బిందెడు నీళ్లు. పోసుకోని చెప్పు, కొయ్యనీకి ఇయ్యలేదని.”

ఇంకో బిందె అప్పటికే ఎవరో నింపి పెట్టారు. అందరూ దానివైపూ, తెల్లచొక్కా వైపూ చూశారు.

“నేనెందుకు పోసుకుంట?” అన్నాడు శ్రీనివాస్. “నాకు జలుబున్నది.”

ముందు ఒక ముసలమ్మ నవ్వింది. తర్వాత జాతరంతా నవ్వింది. శ్రీనివాస్ కాలు మెట్టు మీద అలాగే ఉండిపోయింది.

కులపెద్ద నవ్వలేదు. “ఇంటి బండిని ఒకడు కోపిచ్చిండు. ఒకడు వేరే బండికి దాని డోరు అతికిచ్చి ఊరు ఊరినే నమ్మిచ్చిండు. ఇద్దర్ల ఎవ్వనికి మొదటి తిరుగుడు లేదు. కుమ్మరోళ్ల ట్రాక్టర్ కదలనియ్యుండ్రి.”

డప్పులు మళ్లీ అందుకున్నాయి. కుండలు మోసే ట్రాక్టర్, సిగ్గుపడుతున్నట్టు, మొదటి తిరుగుడుకు కదిలింది. దాని వెనక రెండోది ఎవరు? అన్నదమ్ములిద్దరూ ఒకేసారి గేరు వేశారు. బాట ఒక బండికి మించి పట్టదు. డీసీఎం టిప్పర్ మూతి ముందు అడ్డంగా పడింది. టిప్పర్ డీసీఎం పక్కచెక్కకు ఆనుకుని ఆగింది. కొంగ మెడ దగ్గర రంగు లేచిపోయింది.

“వెనకకు తియ్యిరా!”

“నువ్వు తియ్యి ఎన్కకు!”

గాలయ్య ఇంజను ఆపి, తాళంచెవి తీసి తడి లుంగీ మొలలో దోపుకున్నాడు. శ్రీనివాస్ కూడా ఆపాడు. ఇద్దరూ ఎవరి కాబిన్‌లో వాళ్లు, ఎదుటివాడి వైపు చూడకుండా, అద్దంలోంచి గుడి వైపు చూస్తూ కూచున్నారు. వెనక బండ్లవాళ్లు కాసేపు అరిచి, తర్వాత మక్క కొయ్యకాళ్ల మీదుగా దారి చేసుకున్నారు. ట్రాక్టర్లు, ఆటో ట్రాలీలు, చివరికి ఒక ఎడ్లబండి కూడా వాళ్లను చుట్టి, గుడిని చుట్టి, పోయాయి. పొద్దు వాలింది. దుమ్ము ఇద్దరి అద్దాల మీదా సమానంగా పడింది. గాలయ్య బండి తిరగలేదు. శ్రీనివాస్ బండీ తిరగలేదు. ఎడ్లబండ్ల కాలం నుంచీ ముందున్న ఇల్లు ఆ రోజుతో వరస చివరికి పోయింది.

దారిపొడుగునా సాలమ్మ తిడుతూనే వచ్చింది. “ఒక్క మాట. ఒక్కటంటె ఒక్క మాట. నన్ను రోజు ఎన్ని మాటలంటవ్? గా ఒక్కటి అననీకి నోరు రాలే.”

మర్నాడు పొద్దున కాలనీలో సుత్తి చప్పుడు లేదు. దాని బదులు పానా తిరిగే కీచు వినిపించింది, ఎవరో పళ్లు నూరుతున్నట్టు. గాలయ్య డోరు విప్పుతున్నాడు. విప్పి, గుడ్డతో తుడిచి, నెత్తిమీద పెట్టుకుని బయల్దేరాడు. కుంటుకుంటూ పాత ఊరు మొత్తం దాటి శ్రీనివాస్ ఇంటికి పోయాడు. గేటుకు దాన్ని ఆనించాడు, మెరిసే చోటు ఇంటివైపు ఉండేలా. పిలవలేదు, తిట్టలేదు. అదొక్కటే ఎవరికీ అర్థం కాలేదు. గాలయ్య తిట్టకుండా తమ్ముడి గేటు ముందునుంచి పోవడం ఊరు మొదటిసారి చూసింది.

ఆ డోరు ఇప్పటికీ అక్కడే ఉంది. శ్రీనివాస్ లోపలికి తీసుకోలేదు, పారేయించలేదు. టిప్పర్లు దాన్ని తప్పించుకుంటూ వంకరగా బయటికొస్తాయి. ఒకసారి వాన పడింది. ఇంట్లోవాళ్లు ఎవరో దానిమీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. ఎవరు కప్పారో ఒప్పుకోరు.

పట్టాభిరామయ్యగారు కాంపౌండ్ గోడ ఎత్తు పెంచుతున్నారు. మిక్సర్ చప్పుడుకు గాలయ్య అవతలినుంచి తిడుతుంటాడు. ఆయన ఇవతలినుంచి “ఒక్కసారే కదయ్యా!” అంటారు.

నేను చివరిసారి పోయినప్పుడు కొంగ మెడకు కొత్త రంగు పడింది. బోర్డు మీద అక్షరాలు లేవు. పసుపు పూసి వదిలేశారు. ఏం రాయమంటావని పెయింటర్ అడిగి అడిగి వెళ్లిపోయాడట. ఎక్కడినుంచో తెచ్చిన డోరు బిగించి, దానికి ఎర్రరంగు కొడుతున్నాడు గాలయ్య. బ్రష్షు మెల్లగా, కింది నుంచి పైకి. ఎక్కడా మెరిసే చోటు లేదు. అంతా ఒకే ఎరుపు.

“మళ్లీ జాతరకు చివర్లో నిలబడాలి కదా?” అన్నాను.

“నిలవడ్త. చివరున్నోన్ని ఎవ్వడు ప్రమాణం అడగడు.”

సాలమ్మ గడపలోంచి, “చివర నిలబడనీకి ఇంత రంగు ఎందుకయ్యా?” అంది.

ఆయన బ్రష్షు డబ్బాలో ముంచి, కిటికీ అంచు మీద, మోచెయ్యి ఆనే చోట ఇంకో పూత వేశాడు. ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు. సరిగ్గా చూద్దామని నేను దగ్గరికి జరిగాను. ఆయన తల తిప్పకుండానే అన్నాడు.

“ఓ రాసే సారూ, పక్కకు జరుగు. డోరుకు ఆనకు. ఇంక ఆరలే.”